హన్మాండ్లు సార్ మూడుకాళ్ల దుర్బీను

వానాకాలం మొదలై మూడు వారాలైంది. పొద్దున వంటింట్లో బియ్యం డ్రమ్ము మూత తీసి మోచేతి దాకా చేయి దింపాను. తవుడు వాసన గుప్పున కొట్టింది, దాని వెనకే పాత రబ్బరు వాసన. అడుగున తగిలిన గుడ్డసంచిని పైకి లాగి దులుపుతుంటే మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "ఇయ్యాల కూర ఏంది, దుర్బీనా?" అన్నాడు. పెళ్లయిన కొత్తలో అయితే అరిచేవాడు, ఇప్పుడు అలవాటైపోయింది. బైనాక్యులర్‌ను మా వైపు దుర్బీను అంటారు. వానాకాలపు తేమకు దాని అద్దాల లోపల బూజు పడుతుందని, బియ్యంలో దాచితే ఆ తేమను బియ్యం లాగేసుకుంటుందని నాకు నేర్పింది హన్మాండ్లు సార్. ఇందులో శాస్త్రం ఎంతో నాకు తెలియదు. నేను జీవశాస్త్రం చెప్పే టీచర్‌ని, తెలుసుకోవాలంటే ఒక పూట పని. కానీ తెలుసుకోను. ఆయన చెప్పారు, నేను చేస్తున్నాను, ఇంతవరకు బూజు పట్టలేదు.

మీరు ఆయన్ని చూడలేదు కాబట్టి ముందు మనిషిని చూపిస్తాను. ఆరడుగుల పొడుగు, తెల్ల చొక్కా, ముక్కు చివర వేలాడే కళ్లద్దాలు. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండాల్సిందే. ఎల్లారెడ్డి దగ్గర మా హైస్కూల్లో ఆయన హెడ్మాస్టర్. నాకు అదే మొదటి ఉద్యోగం. కామారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. బస్సుకు నా మీద ఏ కోపమో గానీ వారంలో నాలుగు రోజులు ఆలస్యమే. మొదటిసారి పావుగంట ఆలస్యంగా వెళ్తే సార్ ఒక పొడుగు రిజిస్టరు నా ముందుకు తోశారు. అందులో పేరు, టైము, సంతకం, చివర ఒక గడి. ఆ గడి మీద 'దారిలో చూసిన పక్షి' అని రాసి ఉంది.

"కారణం ఎక్కడ రాయాలె సార్?" అని అడిగాను.

"కారణాలు నాకొద్దమ్మా. ఉన్నవే నాలుగు. బస్సు, జ్వరం, సుట్టాలు, టైరు పంచరు. ముప్పయ్యేండ్ల నుంచి గవే వింటున్న. పిట్ట పేరు రాయి, కొత్తదేమన్న తెలుస్తది" అన్నారు.

ఒకసారి రాసిన పక్షిని ఆ నెలలో మళ్లీ రాయకూడదు, అదీ రూలు. మొదటి వారం కాకి, పిచ్చుక, గోరింక, కొంగ రాసి గట్టెక్కాను. రెండో వారానికి సరుకైపోయింది. తాడ్వాయి దాటగానే కిటికీకి ముఖం ఆనించి కరెంటు తీగలన్నీ వెతికేదాన్ని. తోక కత్తెరలా చీలిన నల్లపిట్ట కనబడితే దాని బొమ్మ టికెట్టు వెనక గీసుకుని వెళ్లి చూపించాను. "పసులపోలిగాడు. గద్దను గూడ తరిమి కొడ్తది, మన పీఈటీ సార్ లెక్క" అన్నారు. ఆ పీఈటీ యాదగిరి సార్ మాత్రం విసిగిపోయి ఒకరోజు 'పెంగ్విన్' అని రాసి సంతకం పెట్టాడు. హెడ్మాస్టర్ ఆయన్ని పిలిపించి నవ్వకుండా అడిగారు: "యాదగిరీ, గది ఏ స్టేజీ కాడ ఎక్కింది? టికెట్ తీసుకున్నదా, ఉత్తగనే వచ్చిందా?" మర్నాటి నుంచి యాదగిరి సార్ ప్రార్థనకు ముందే బడిలో ఉండేవాడు. నేను మాత్రం ఆలస్యంగానే వచ్చాను. చివరికి బస్సు టైముకు వచ్చిన రోజు రాయడానికి గడి లేదని దిగులు పడే స్థితికి చేరాను.

ఇక దుర్బీను కొనాలన్న పురుగు తొలిచింది. ఎవరినీ అడగకుండా ఫోన్లో ఆర్డరు పెట్టాను. పెట్టె మీద పెద్దపెద్ద అంకెలు, రాత్రిపూట కూడా కనబడుతుందన్న హామీ, కొండ మీద నిలబడిన సైనికుడి బొమ్మ. గర్వంగా తీసుకెళ్లి సార్ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లకు పెట్టుకుని కిటికీలోంచి చాలాసేపు చూశారు. తర్వాత తిప్పి, వెనక వైపు నుంచి చూశారు.

"గిట్ల తిప్పి చూస్తేనే నయమున్నదమ్మా" అన్నారు. "ఒక కంటికి ఎల్లారెడ్డి చూపెడ్తది, ఇంకో కంటికి భిక్నూర్ చూపెడ్తది. గంటసేపు చూస్తే తలనొప్పికి గోలీ గూడ కొనాలె నువ్వు."

ఆ ఆదివారం సార్ స్వయంగా కామారెడ్డి వచ్చారు. స్టేషన్ రోడ్డులో యూసుఫ్ భాయ్ దుకాణం. కెమెరాలు, కళ్లద్దాలు, గోడ గడియారాలు అన్నీ అమ్మేవాడు. దుకాణం ఎంత ఇరుకంటే సార్ గొడుగు లోపలికి వస్తే యూసుఫ్ భాయ్ బయటికి పోవాలి. "దుకాణంల దుర్బీను చూసుడేంది? గోడ గడియారం చూడనీకె దుర్బీను ఎందుకు?" అని సార్ ఉన్నవన్నీ రోడ్డు మీదికి తెప్పించారు. ఒక్కోదాన్ని మెడలో వేసుకుని బరువు చూశారు. చేయి చాచి దూరంగా పట్టుకుని, కంటి వైపు అద్దాల్లో వెలుగు గుండ్రంగా పడుతోందా లేదా చూశారు. ఆకాశం మీదికి లేచిన కరెంటు స్తంభాన్ని చూసి, అంచుల్లో ఊదారంగు కనబడితే పక్కన పెట్టేశారు. కళ్లద్దాలు పెట్టుకునే చూడాలి, తీసి చూసి కొంటే పొలం గట్టు మీద ఏడుస్తావని నాకు చెప్పారు. నేను అడిగిందల్లా పది రెట్లు పెద్దగా చూపించేది. ఆయన ఎనిమిది అంటారు.

"పెద్ద అంకె మార్కుల మెమోల బాగుంటది, దుర్బీన్ల కాదు. పది రెట్లు పిట్టను పెద్దగ చూపెడ్తది, నీ చేతి వణుకును గూడ పది రెట్లు చూపెడ్తది. ఎనిమిది తీస్కో. ముందటి అద్దం నలభై రెండు మిల్లీమీటర్లు ఉంటే పొద్దుగూకే యాళ్ల గూడ వెలుతురు చాలుతది."

ఇదంతా ఆయన వీధంతా వినబడేలా చెబుతున్నారు, బడిలో ప్రార్థన మైదానంలో మాట్లాడిన గొంతు అది. ఎదురు దుకాణం బోర్డు మీద అక్షరాలు చూసి నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నారు. ఇంతలో మిఠాయి దుకాణం సేటు మా వైపు చూసి, రోడ్డు మీదికి పెట్టుకున్న జిలేబీ పొయ్యిని గబగబా లోపలికి లాగించాడు. పక్కన చెప్పుల దుకాణం వాళ్లు బయటి స్టాండ్లు మడిచేశారు. ఎవరో రేకు పందిరి తాళ్లు విప్పుతున్నారు. ఏమైందో అర్థం కాక నేను బిత్తరపోతుంటే సేటు రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని వచ్చాడు.

"సార్, జర మా దిక్కు చూడుర్రి. రోడ్డు వెడల్పుల మాది ఎన్ని ఫీట్లు పోతది?"

సార్ దుర్బీను దించి, సేటును కింది నుంచి పైదాకా చూసి, "మేము పిట్టలు చూసెటోళ్లం" అన్నారు. సేటు నమ్మలేదు. ఏ ఆఫీసు వాళ్లూ మొదటే నిజం చెప్పరని ఆయన అనుభవం. జిలేబీలు పొట్లం కట్టించి నా చేతిలో పెట్టాడు. తిరిగి ఇవ్వబోతే ఇంకో పొట్లం తెచ్చాడు. నేను ఆ రోజు ఎనిమిది రెట్ల దుర్బీనుతో, రెండు పొట్లాల జిలేబీలతో ఇంటికి వెళ్లాను. ఆ రోడ్డు మళ్లీ మామూలుగా మారడానికి వారం పట్టిందని యూసుఫ్ భాయ్ తర్వాత చెప్పాడు.

సార్‌కు ఏటా ఒక పని ఉండేది. చలికాలంలో మహమ్మద్‌నగర్ వైపు చెరువుకు హిమాలయాల అవతలి నుంచి పెద్దబాతులు వస్తాయి. తెల్లటి తల, వెనక రెండు నల్లపట్టీలు. సార్ వాటిని పట్టీల బాతులు అనేవారు. శివరాత్రికి ముందు ఒక ఉదయం వెళ్లి, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. ఇరవయ్యేళ్లకు పైగా ఒక్క ఏడు కూడా తప్పలేదు. కూతురు పెళ్లి నెలలో కూడా పెళ్లిపత్రికలు పంచే వంకతో వెళ్లి వచ్చారట. ఈ లెక్క ఎవరికి పంపుతారని ఒకసారి అడిగాను.

"ఎవలకు పంపుడేంది? ఇంటికి సుట్టాలొస్తే ఎంతమంది వచ్చిండ్రో చూస్కోమా?"

"సుట్టాలకైతే అన్నం వండుతం సార్. వీటికి వండేది లేదు గద."

"వండకున్నా లెక్కన్న ఉండాలె గదమ్మా, మర్యాదకు" అన్నారు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆయన వెంట వెళ్లాను.

ఆయన రిటైరైన రెండో ఏడు చేతులు వణకడం మొదలైంది. నాకు మొదట చాయ్ గ్లాసు దగ్గర తెలిసింది. నిండు గ్లాసు తాగే మనిషి సగమే పోయమనడం మొదలుపెట్టారు. డాక్టరు మందులిచ్చాడు. వణుకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదన్నాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్పరు కూడా. నాకు సుశీలమ్మ గారు చెప్పారు. సార్ భార్య. ఆమె నవ్వుతూనే చెప్పారు గానీ కొంగుతో కళ్లొత్తుకున్నారు.

"చెంచతోని తింటున్నడమ్మా. ఎందుకంటే అన్నం కాలుతున్నదట. పెరుగన్నం గూడ కాలుతున్నదట!"

ఆయన దృష్టిలో మాత్రం తప్పంతా దుర్బీనుది. ఆ చలికాలం మేం చెరువు గట్టున నిలబడితే రెండు నిమిషాలకే కిందికి దించేసేవారు. "ఇది కదులుతున్నది. లోపల మర ఏదో వదులైంది" అనేవారు. ఒకరోజు ఆ తప్పును దూరంగా పోతున్న ట్రాక్టరు మీద పెట్టారు. ఇంకోరోజు గాలి మీద. గాలి ఆకు కూడా కదపని రోజది. తన పది రెట్లది ఇచ్చేసి ఎనిమిది రెట్లది తెచ్చుకున్నారు, అదీ నచ్చక ఏడుకు దిగారు. యూసుఫ్ భాయ్ దుకాణానికి నాలుగుసార్లు వెళ్లి, నాలుగుసార్లూ పోట్లాడి వచ్చారు. నాలుగోసారి యూసుఫ్ భాయ్ నన్ను పక్కకు పిలిచాడు.

"టీచరమ్మా, దుర్బీన్ల ఏ ఖరాబీ లేదు. సార్‌వి చేతులు..."

"నాకు ఎరుకే భాయ్."

"స్పాటింగ్ స్కోప్ తీస్కొమ్మనుండ్రి. ఒక కంటితోని చూసే పొడుగు గొట్టం, మూడుకాళ్ల స్టాండు మీద ఉంటది, పట్టుకునే పనే లేదు. ఆరామ్‌గ చూడొచ్చు."

నేను ఆ మాట సార్‌కు మెల్లగా, అటు తిప్పి ఇటు తిప్పి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత, "నాకు రెండు కాళ్లున్నయి, చాలు" అన్నారు. "ఇయ్యాల దుర్బీనుకు చేతికర్ర అంటవు, రేపు నాకు అంటవు. నేనేం ముసలోన్నా?" అప్పటికి ఆయనకు అరవై దాటి మూడేళ్లు. లేచి గొడుగు చంకలో పెట్టుకుని, వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "ఈసారి లెక్కకు పోను. అవి చదువుకున్న బాతులే, అవే లెక్కవెట్టుకుంటయి తియ్" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నోటుబుక్కులో ఈ ఏటి గీత ఖాళీగా ఉంటే ఆయన ఇక చెరువు మొహం చూడరని నాకు గట్టిగా అనిపించింది. ఆ మనిషి ఇంట్లో కూర్చుని పెరుగన్నం చల్లారేదాకా ఎదురుచూడటం నేను ఊహించలేకపోయాను.

కాబట్టి అబద్ధం ఆడాను. స్పాటింగ్ స్కోపు నాకే కావాలని, బడిపిల్లలకు చూపించాలని, మంచిదేదో ఎంచడం నాకు చేతకాదని చెప్పాను. ఎంచే పని అంటే సార్ కాదనలేరు. మూడు వారాలు యూసుఫ్ భాయ్ హైదరాబాద్ నుంచి తెప్పించిన ప్రతి స్కోపునూ చీల్చి చెండాడారు. ఇరవై నుంచి అరవై రెట్లు చూపించే ఒకటి నాకు తెగ నచ్చింది. "అరవై దాకా పోకు. అంత దూరం తిప్పితే చీకటిగయితది, ఎండలో నీళ్ల మీద ఆవిరి తప్ప ఏం కనబడది. ఇరవై, ముప్పై కాడ మంచిగుందా లేదా, గది చూడు" అన్నారు. స్టాండు తేలికగా ఉందని నేను సంబరపడితే, "తేలికది గాలికి ఊగుతది, బరువుండాలె" అన్నారు. కంటి గొట్టం తిన్నగా ఉన్నదా, వంకరగా పైకి లేచినదా అన్న దగ్గర మళ్లీ వాదన. ఆయన వంకరదే కావాలన్నారు.

"నువ్వు పొట్టిదానివి. తిన్నటిదైతే నీ ఎత్తుకు దించాలె, నీ వెనక నిలబడ్డోడు నడుము విరగ్గొట్టుకోవాలె. వంకరదైతే ఎవరన్న వంగి చూడొచ్చు."

నా వెనక నిలబడే పొడుగు మనిషి ఎవరో నేను అడగలేదు. చివరికి ఒకదాన్ని స్టాండు మీద బిగించి, వీధి చివర మేడ మీదున్న నీళ్ల ట్యాంకు వైపు తిప్పారు. చేతులు వెనక్కి కట్టుకుని వంగారు. చాలాసేపు లేవలేదు. కదులుతున్నదని అనలేదు, మర వదులైందని అనలేదు. యూసుఫ్ భాయ్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సార్ లేచి, గొంతు సవరించుకుని, "ఫర్వాలేదు. నీకైతే సరిపోతది" అన్నారు. మొదటిరోజు స్టాండు పెట్టడం నేర్పడానికి చెరువు దాకా రావాలని బతిమాలితే, "నేర్పిచ్చి వస్త. లెక్క గిట్ల పెట్టను" అని షరతు పెట్టారు.

ఆ ఉదయం ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర సాయిలన్న ఆటో మాట్లాడాను. మా బడి టీచర్లందరికీ తెలిసిన మనిషి. మీసాలు నెరిసినా మాట మాత్రం గలగల పారుతుంది. సార్ వచ్చాక, మంచు తగ్గేదాకా హోటల్లో చాయ్ తాగుదామని కూర్చున్నాం. స్కోపు, స్టాండు ఆటోలోనే ఉన్నాయి. మేం బయటికి వచ్చేసరికి ఆటో రోడ్డు అవతల హనుమాన్ గుడి ముందు ఉంది. సాయిలన్న నవ్వుతూ వెనక్కి తెచ్చాడు. స్టాండుకు బంతిపూల దండ, మూడు కాళ్లకు మూడు నిమ్మకాయలు, నల్లటి గొట్టం మీద వరసగా కుంకుమ బొట్లు. ఆటో అంతా కర్పూరం వాసన.

"కొత్త మిషిని, పూజ లేకుండ ఎట్ల బయలెల్లుతం టీచరమ్మా? అయ్యగారితోని మంచిగ చేయించిన. పైన, లోపల, అంత" అన్నాడు.

మా దగ్గర కొత్త సైకిలు కొన్నా, మోటరు కొన్నా, మిక్సీ కొన్నా ఇదే వరస. నేను నవ్వి ఊరుకున్నాను. 'లోపల' అంటే ఏమిటని అడగాలని తట్టలేదు. అద్దం మీది మూత మూసే ఉంది. సార్ నిమ్మకాయలు విప్పి సాయిలన్న చేతిలో పెట్టి, దండ మాత్రం ఉండనిచ్చారు.

చెరువు గట్టు మీద స్టాండు దించాం. అవతలి ఒడ్డున బురద మీద బాతులున్నట్టు తెలుస్తోంది, మామూలు కంటికి బూడిదరంగు గీతలా. సార్ వెనక నుంచే చేయి చాచి ముందటి మూత లాగేశారు. కంటి గొట్టం దగ్గర వంగారు. కొంతసేపటికి మసక పోగొట్టే చక్రం ఇటు తిప్పారు, అటు తిప్పారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ వంగారు. తర్వాత మెల్లగా లేచి, వెళ్లి గట్టు రాయి మీద కూర్చున్నారు.

"కనబడ్తలేదమ్మా" అన్నారు.

"సరిగ తిప్పలేదేమో సార్."

"తిప్పిన. పచ్చగ, పొగ లెక్క ఉన్నది. ఏం లేదక్కడ." కొంచెంసేపు నీళ్ల వైపు చూశారు. "సరితమ్మా, నీకొక ముచ్చట చెప్తున్న. నా చేతులు వణుకుతున్నయి. ఏడాది నుంచి. దుర్బీన్లు అన్నీ మంచియే. యూసుఫ్‌ను ఊకెనే తిట్టిన, పాపం. మర ఏది వదులు గాలేదు, వదులైంది నేనే. చేతులే అనుకున్న. ఇప్పుడు కండ్లు గూడ పోయినయి. నీ అద్దం మంచిదే. నాదే అయిపోయింది."

ఆయన అలా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఏం చెప్పాలో తెలియక, చేతులకు ఏదో పని ఉండాలి కాబట్టి వెళ్లి స్కోపులో చూశాను. నాకూ ఏమీ కనబడలేదు. పసుపుపచ్చటి పొగ, అందులో ఎక్కడో కొంచెం ఎరుపు. చక్రం ఎంత తిప్పినా అదే పొగ. నా కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. స్కోపు ముందు వైపుకు నడిచి వెళ్లి వంగి చూశాను.

ముందటి అద్దం మీద పసుపు ముద్ద దట్టంగా పట్టించి ఉంది. మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. బొట్టు మీద రెండు అక్షింతలు, బాగా అంటుకుని.

నాకు నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నవ్వూ వస్తోంది. గట్టు మీద కూలబడి నవ్వాను. సార్ ముఖం ఎర్రబడింది. ఆయన గుండె విప్పి చెబితే నేను నవ్వుతున్నానని కోపం. చేయి పట్టి లేపి, ముందుకు నడిపించి, "చూడుండ్రి సార్" అన్నాను. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి దించి చాలాసేపు చూశారు.

"సాయిలూ!" అని కేక పెట్టారు. అవతలి ఒడ్డున నాలుగు బాతులు లేచి మళ్లీ వాలాయి. "అద్దానికి పసుపు ఎవలు రాయమన్నరు?"

"గదే గద సార్ దాని కన్ను" అన్నాడు సాయిలన్న అమాయకంగా. "మంచిగ కనబడాలని అయ్యగారికి చెప్పి మరీ రాయించిన."

ఏడాది పొడుగునా తన చేతుల తప్పును దుర్బీన్ల మీద వేసిన మనిషి, తప్పు నిజంగా అద్దానిదైన ఆ ఒక్క రోజు దాన్ని తన మీద వేసుకున్నారు. ఆ పసుపు లేకపోతే ఆ మాట ఆయన నోటి నుంచి జన్మలో వచ్చేది కాదు. నేను గబగబా చున్నీ కొనతో అద్దం తుడవబోయాను.

"చున్నీ తియ్!" అన్నారు. హెడ్మాస్టర్ గొంతు. నెలల తర్వాత విన్నాను. "బియ్యపు గింజ మీద రాకితే అద్దం గీతలు పడ్తది. ముందు గింజలు ఊది తియ్. నీళ్లు చుక్క చుక్క పొయ్. మెత్తగ తడిసినంక బట్టను అద్దు, రుద్దకు. అద్దు!" ఆయన పక్కన నిలబడి చెబుతూనే ఉన్నారు, నేను చేస్తూనే ఉన్నాను. మూడు సీసాల నీళ్లు, సార్ రెండు చేతిరుమాళ్లు, అరగంట పైనే పట్టింది. సాయిలన్న నేరస్థుడిలా సీసాలు నింపి తెచ్చాడు.

మళ్లీ వంగారు. ఈసారి ఊపిరి పీల్చిన చప్పుడు నాకు వినిపించింది. కానీ ఇంకా సరిగ్గా కుదరలేదని చక్రం మీద చేయి పెట్టగానే స్కోపు మొత్తం అదిరింది. చేయి తీశారు. మళ్లీ పెట్టారు, మళ్లీ అదిరింది. మూడుకాళ్లున్నా అంతే. ఆయన తన చేతివైపు ఒకసారి చూసి, రెండు చేతులూ శాలువా లోపల వెనక్కి కట్టుకున్నారు.

"నువ్వు తిప్పు. నేను చూస్త" అన్నారు.

నేను పక్కన నిలబడి చక్రం తిప్పాను. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఎక్కువైంది, వెనక్కి రా... ఆఁ!" అన్నారు. తర్వాత లెక్క మొదలైంది. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఎనభై ఆరు దాకా వచ్చాక సాయిలన్న వెనక నుంచి, "సార్, చాయ్ గిట్ల తెమ్మంటరా?" అన్నాడు. సార్ కళ్లు మూసుకుని, తెరిచి, "ఒకటి, రెండు..." అని మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. మొత్తం నూట ఇరవై మూడు. నోటుబుక్కులో నేను రాస్తానంటే ఇవ్వలేదు. గట్టు రాయి మీద పెట్టుకుని తనే రాశారు. ఒక్కో అంకె ఒక్కో దిక్కుకు పోయింది, అయినా ఆ ఏటి గీత నిండింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగారు. "నీ చేతులు మంచిగనే ఉన్నయి గద. నీకు మూడుకాళ్లది ఎందుకమ్మా?"

నేను తడబడ్డాను. "మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

"మొదటి దినమే. ముప్పయ్యేండ్లు సాకులు విన్న హెడ్మాస్టర్‌ను. నువ్వు పొట్టిదానివని వంకరది తీస్కున్ననా? నా నడుముకని తీస్కున్న" అన్నారు. అని ముఖం బయటికి తిప్పి, నేను చూడటం లేదనుకుని నవ్వుకున్నారు.

ఆ తర్వాత మూడు చలికాలాలు అలాగే జరిగాయి. ఆయన కన్ను, నా చేయి. నాలుగో చలికాలం రాకముందే సార్ వెళ్లిపోయారు. సుశీలమ్మ గారు నోటుబుక్కు నాకే ఇచ్చారు. ఆ ఏడు చెరువుకు ఒక్కదాన్నే వెళ్లి, నేనే చూసి, నేనే తిప్పుకుని లెక్కపెట్టాను. లెక్కపెట్టిన ప్రతిసారీ వేరే అంకె వచ్చింది. చాలా ఏడ్చాను.

ఇప్పుడు ఒంటరిగా వెళ్లను. మా బడి పిల్లలో, తోటి టీచర్లో, గొర్రెలు కాసే ముసలవ్వో, ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లను చూడమని, చక్రం మీద నేను చేయి వేస్తాను. వాళ్లకు ఏం కనబడుతోందో నాకు తెలియదు. నాకు కనబడేది వంగిన తల, సగం మూసిన కన్ను, అంతే. అందరూ సార్‌లా నోరు విప్పి చెప్పరు. కొందరికి సిగ్గు. కొందరు మసకగా ఉన్నా బాగుందనే అంటారు, నాకు శ్రమ ఇవ్వకూడదని. వాళ్ల మాట నేను పట్టించుకోను. మెల్లగా తిప్పుతూ వాళ్ల పక్కన నిలబడతాను. ఒక చోట చూస్తున్న మనిషి ఊపిరి ఉన్నట్టుండి ఆగుతుంది. నా వేళ్లు కూడా అక్కడే ఆగుతాయి.